ఒక్కో వరహా, ఒక్కో దీవెన

కొండల వరుసకూ నల్లేరనే పెద్ద ఏటికీ నడుమ ఒదిగిన ఒకానొక రాజ్యాన్ని మహీధరరాయలు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ, తనంతటి దాత ఇంతకు ముందు పుట్టలేదు, ఇక ముందు పుట్టబోడు అని ఎవరో అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి, ఆ మాట మళ్ళీ మళ్ళీ వినడం కోసమే బతికేవాడు.

ఆయన మీసం మీద పద్యం చెబితే వెయ్యి వరహాలు. పట్టపుటేనుగు తొండం ఎత్తిన తీరు బాగుందంటే, మావటికి కాదు, బాగుందన్నవాడికి వంద వరహాలు. సింహాసనం మీద నుంచి లేవకుండా, వేలైనా కదపకుండా, "ఇచ్చాం!" అనేవాడు. అంతే. బొక్కసం అధికారి నాగప్ప ఆ సొమ్ము లెక్కపెట్టి ఇచ్చేవాడు. రాయలు తన జన్మలో ఒక్క వరహానైనా చేత్తో తాకి ఎరగడు.

ముసలి మంత్రి సోమనాథయ్య ఒకనాడు ధైర్యం చేసి, "ప్రభూ, బొక్కసం వట్టిపోతోంది. కాస్త పొదుపు..." అన్నాడు.

రాయలకు ఒళ్ళు మండింది. "పొదుపా! అది పిసినారుల మాట. నేటి నుంచి ఈ సభలో ఆ మాట ఎత్తినవాడికి దేశబహిష్కారం!" అన్నాడు.

మర్నాడు సోమనాథయ్య మూటాముల్లె సర్దుకుని పొలిమేర దాటాడు. ఆ తరువాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఆ సభలో బయ్యన అనే హాస్యగాడు ఉండేవాడు. మాటను తిరగేసి, బోర్లేసి నవ్వు పుట్టించడంలో అతనికి సాటి లేరు. ఒకనాడు అతను కొలువులో ఉండగా, నల్లేటి రేవులో పడవ నడిపే ఎల్లమంద వచ్చి నిలబడ్డాడు. అతను రావడం అది మూడోసారి.

"దొరా, పడవ అడుగు పుచ్చిపోయింది. అతుకు మీద అతుకు వేసి నెట్టుకొస్తున్నాను. కొత్త పడవకు రెండు వందల యాభై వరహాలవుతుందంటున్నారు. వానలు పడేలోగా ఇప్పించండి. అడుగు లేని పడవలో జనాన్ని ఎలా ఎక్కించుకోను?" అన్నాడు తలగుడ్డ చంకన పెట్టుకుని.

రాయలు ఆవులించాడు. రాజు ఆవులిస్తే నవ్వించడం బయ్యన ఉద్యోగం.

"ఏమయ్యా ఎల్లమందా! పడవకు అడుగు లేదంటావు, నీ నోట్లో మాత్రం అడుగుడే అడుగుడు! దాన్నే ఊడదీసి పడవకు వేసుకోరాదూ?" అన్నాడు.

సభ గొల్లుమంది. రాయలు కడుపు పట్టుకుని నవ్వి, "భేష్! బయ్యనకు ఐదు వందల వరహాలు ఇచ్చాం!" అన్నాడు. ఎల్లమంద దండం పెట్టి వెళ్ళిపోయాడు. అతను వచ్చిన పని సంగతి మళ్ళీ ఎవరూ తలచుకోలేదు.

ఆషాఢంలో ఏరు పొంగింది. సంతకు వెళ్ళి వస్తున్న జనంతో ఆ పడవ నడి ఏట్లో మునిగింది. పదకొండు మంది పోయారు. ఎల్లమంద ఇద్దరు పిల్లలను ఒడ్డుకు చేర్చి, ఇంకొకరి కోసం మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళి తిరిగి రాలేదు.

సంగతి తెలిసి బయ్యన రేవుకు పరుగెత్తాడు. నీళ్ళలో దొరికిన సంత మూటలను ఒడ్డున వరుసగా పెట్టారు. ఉప్పు మూటల్లో ఉప్పు లేదు. తడిసిన మిరపకాయలను ఎవరో గుడ్డ మీద ఆరబోశారు. ఆ పక్కనే ఎల్లమంద భార్య పోలమ్మ కూర్చుని ఉంది.

"మీరేనా అయ్యా, బయ్యనగారంటే?" అంది ఆమె తలెత్తి. "ఆ అడుగు మాట మా ఆయన ఇంటికొచ్చి చెప్పాడయ్యా. చెప్పి తనూ నవ్వాడు. భలే మాట అన్నాడే, అన్నాడు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే బయ్యన తట్టుకునేవాడేమో. అతను అక్కడే ఇసుకలో కూలబడిపోయాడు.

బహుమానంగా వచ్చిన ఐదు వందల్లో అతని దగ్గర మూడు వందలు మిగిలి ఉన్నాయి. రెండు వందల యాభై వడ్రంగుల చేతిలో పెట్టి కొత్త పడవ కట్టమన్నాడు. తక్కిన యాభై పోలమ్మకు ఇచ్చాడు. కానీ రాజ్యంలో రేవు ఒక్కటేనా? నాగప్పను కదిపితే, "అన్ని రేవుల నుంచీ ఇదే మొర బయ్యనా. నా దగ్గర ఏముంది ఇవ్వడానికి? ఇంకొక్క ఏడాది ఇలా సాగితే సైనికులకు జీతాలు కూడా ఉండవు" అన్నాడు.

రాజుకు చెబుదామంటే నోరెత్తినవాడికి దేశబహిష్కారం. బయ్యన మూడు రోజులు సభకు వెళ్ళలేదు. నాలుగోనాడు పెందలాడే బొక్కసం వాకిటికి వెళ్ళి, బహుమానాల కోసం బారులు తీరిన కవులకూ గాయకులకూ ఒక మాట చెవిలో వేశాడు. "నాగప్పగారు దీవెనలంటే పడి చస్తారు. దీవించినవాళ్ళకు సొమ్ము ముందు అందుతుంది."

అప్పుడు వెళ్ళి రాయలను మేడ మీది గవాక్షం దగ్గరకు తీసుకొచ్చాడు. "ప్రభూ, తమ కీర్తి ఎలా మారుమోగుతోందో ఒక్కసారి ఆలకించండి."

రాయలు మురిసిపోతూ చెవి ఒగ్గాడు. కింద జనం నాగప్ప చుట్టూ మూగి, "నాగప్ప బాబూ, నీ కడుపు చల్లగా! నీ చెయ్యి బంగారం కాను! నీ వంశం వెయ్యేళ్ళు వర్ధిల్లాలి!" అని అరుస్తున్నారు. నాగప్ప ఏమీ పాలుపోక తెల్లబోయి చూస్తున్నాడు.

రాయల మొహం కందగడ్డ అయింది. "సొమ్ము నాది, దీవెనలు వాడికా!"

"ఏం చేస్తాం ప్రభూ! చెయ్యి ఎవరిదో దీవెన వారిది. జనానికి తమ మాట వినబడదు, నాగప్ప చెయ్యి కనబడుతుంది" అన్నాడు బయ్యన విచారంగా.

"రేపటి నుంచి నా చేత్తో నేనే ఇస్తాను. దోసిళ్ళతో పోస్తాను!"

"దోసిలికి ఒక్క దీవెనే కదా ప్రభూ వచ్చేది? ఒక్కో వరహా చేతిలో పెడితే ఒక్కో దీవెన వస్తుంది. వెయ్యి వరహాలు, వెయ్యి దీవెనలు!"

రాయల కళ్ళు మెరిశాయి. ఆ క్షణమే పట్టుసంచి ఒకటి కుట్టించి నడుముకు కట్టుకున్నాడు. ఇకపై తన చేత్తో లెక్కపెట్టనిదే ఎవరికీ చిల్లిగవ్వ కూడా దక్కదని చాటింపు వేయించాడు.

మర్నాడు ఆస్థానకవి మార్తాండభట్టు రాయల భుజాల మీద పద్యం చదివాడు. "వెయ్యి వరహాలు!" అని రాయలు సింహాసనం దిగాడు. ఒక వరహా పెట్టడం, కవి దీవించడం. మరొకటి పెట్టడం, మరో దీవెన. నూరు దాటేసరికి రాయలకు నడుం పట్టేసింది. రెండు వందల దగ్గర కవికి గొంతు ఎండిపోయి దీవెన కాస్తా దగ్గయింది. మూడు వందల దగ్గర, ఏ భుజాల మీద పద్యం విన్నాడో ఆ భుజమే పైకి లేవనంది.

"మిగతావి రేపు" అన్నాడు రాయలు చెమట తుడుచుకుంటూ.

రేపు వచ్చింది. రోజూ వస్తూనే ఉంది. చెయ్యి చాపినప్పుడల్లా ఎదుటి మొహం చూడక తప్పదు. ఊరికే లెక్కపెడుతూ ఉంటే తోచక రాయలు, "దీంతో ఏం చేస్తావు?" అని అడగడం మొదలుపెట్టాడు. ఒక గాయకుడు మూడో ఇల్లు కడుతున్నానన్నాడు. ఒకడు నీళ్ళు నమిలాడు. ఒక నేత పనివాడు మాత్రం, "రెండే రెండు వరహాలు దొరా. మగ్గం పలకలు విరిగాయి, బిగించుకుంటే పిల్లలకు ఇంత గంజి" అన్నాడు. రాయలు రెండు వరహాలు పెట్టాడు. అవి పెట్టడానికి రెండు క్షణాలు పట్టలేదు. అతను దీవించడం మరిచి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. ఆ పూట రాయలు భోజనం దగ్గర తన చేతినే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఆ పాత బుద్ధి ఒక్కసారిగా పోయిందా అంటే, పోలేదు. పుట్టినరోజున విసుగెత్తి సంచి విప్పి నాగప్ప మీదికి విసిరేశాడు. "నువ్వే ఇచ్చుకో! రాజును నేను, చిల్లర దుకాణం వాణ్ణి కాను" అన్నాడు. రెండు రోజులు అలాగే సాగింది. మూడోనాడు తనే నాగప్ప గదికి వెళ్ళి, మొహం పక్కకు తిప్పుకుని, "ఆ సంచి ఇలా ఇవ్వు. నడుం బోసిగా ఉంది" అన్నాడు.

అప్పటి నుంచి ఏ ఖర్చు మాట వచ్చినా రాయలు తన చెయ్యి వంక చూసుకునేవాడు. ముత్యాల గొడుగు చేసిపెడతామని కంసాలులు వస్తే, "వెల ఎంత?" అన్నాడు. అదివరకు ఎన్నడూ అడగని ప్రశ్న అది.

"పన్నెండు వేల వరహాలు ప్రభూ."

"పన్నెండు వేలసార్లు చెయ్యి చాపాలన్నమాట" అని ఒక నిమిషం ఆలోచించి, "పాత గొడుగుకు చిల్లులేమీ లేవుగా" అన్నాడు.

ఏడాది తిరిగింది. మిగిలిన సొమ్ముతో రేవు రేవుకూ కొత్త పడవలు దిగాయి. సైనికులకు జీతాలు నెల తప్పకుండా అందాయి. కానీ మార్తాండభట్టుకు మాత్రం కడుపు రగిలిపోతోంది. పద్యానికి పది వరహాలు దాటడం లేదు మరి. ఒకనాడు నిండు సభలో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ! ఇదంతా బయ్యన పన్నిన వల. ఆనాడు బొక్కసం వాకిట మా చేత నాగప్పకు దీవెనలు పెట్టించింది ఇతడే. తమ ఆజ్ఞను వెక్కిరిస్తూ, తమ చేత కుయుక్తితో పొదుపు చేయించాడు! పొదుపు! ఇతణ్ణి దేశం వెళ్ళగొట్టండి!"

రాయలు బయ్యన వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే ప్రభూ."

"ఎందుకు చేశావు?"

బయ్యన తల వంచుకుని, ఎల్లమంద వచ్చి నిలబడిన వైనం, తాను అన్న మాట, సభ నవ్విన నవ్వు, పదకొండు మంది పేర్లు, ఒక్కొక్కటే చెప్పాడు. "ఆ మాటకు తమరు నాకు ఐదు వందలు ఇచ్చారు. వాటితో రెండు పడవలు వచ్చేవి. తమరు నోటితో ఇచ్చారు, నేను నోటితో సంపాదించాను. ఆ సొమ్ము విలువ మనిద్దరిలో ఎవరికీ తెలియదు ప్రభూ. ఏటికి తెలిసింది."

రాయల చెయ్యి నడుముకున్న సంచి మీదికి వెళ్ళింది. కళ్ళు చెమర్చాయి.

మార్తాండభట్టు ఆగలేకపోయాడు. "ఒప్పుకున్నాడుగా ప్రభూ! ఆజ్ఞ ఆజ్ఞే. శిక్ష వేయండి!"

బయ్యన నెమ్మదిగా తలెత్తాడు. "శిక్షకు సిద్ధమే ప్రభూ. కానీ ఆజ్ఞ ఏమిటి? సభలో ఆ మాట ఎత్తినవాడికి బహిష్కారం. ఏడాదిగా నేను ఆ మాట ఒక్కసారైనా ఎత్తలేదు. కవిగారు ఇప్పుడే రెండుసార్లు ఎత్తారు. ఏ పొలిమేరకు పంపాలో వారినే అడగండి."

మార్తాండభట్టు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

రాయల పెదవులు విచ్చుకున్నాయి. ఆపుకోలేక నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. అవి నవ్వుకు వచ్చినవో, ఆ పదకొండు మందికి వచ్చినవో సభలో ఎవరికీ అంతుపట్టలేదు.

"కవిగారూ, కూర్చోండి. ఆ ఆజ్ఞ ఇప్పుడే రద్దు చేశాను. సోమనాథయ్యగారి కోసం పల్లకి పంపండి. ఆయన వద్దంటే నేనే వెళ్ళి తీసుకొస్తాను" అన్నాడు. తరువాత, "బయ్యనా, ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"నవ్వించినందుకు ఇక నాకు సొమ్ము వద్దు ప్రభూ. ఏదైనా పని ఇప్పించండి."

"అయితే నేటి నుంచి రేవులన్నిటికీ నువ్వే అధికారివి. నెలకొకసారి ప్రతి పడవ అడుగూ నువ్వు తట్టి చూడాలి. నెలకు ఇరవై వరహాలు. మొదటి జీతం ఇప్పుడే పట్టు" అని రాయలు సింహాసనం దిగి వచ్చి, సంచి మూతి విప్పాడు.

ఒకటి, రెండు, మూడు... బయ్యన దోసిలిలో పద్దెనిమిది పడ్డాక రాయల చెయ్యి ఆగింది. అలవాటుగా అడిగాడు. "దీంతో ఏం చేస్తావు?"

ఎవరి మాటకైనా క్షణంలో బదులు చెప్పే బయ్యన ఆనాడు తడుముకున్నాడు. "ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు ప్రభూ. ఆలోచించుకుని రేపు చెబుతాను."

రాయలు హాయిగా నవ్వి, చేతిలో మిగిలిన రెండు వరహాలను తిరిగి సంచిలో వేసుకున్నాడు.

"అయితే ఇవీ రేపే" అన్నాడు.