సాయంత్రపు కొలత

భైరవమూర్తి మాష్టారు ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే మనిషి కారు. ఉద్యోగమంతా సర్వేలో గడిపి, ఇప్పుడు సాయంత్రాలు నలుగురిని కూర్చోబెట్టుకుని ఉపనిషత్తులు చదివి చెబుతున్నారు. ఆ రోజు చదువు ముగిసి అందరూ వెళ్లిపోయినా కనకవల్లి మాత్రం కదలలేదు.

ఆవిడ కూతురు నళిని పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి రమ్మని వియ్యపురాలు కబురు పంపింది.

"నేను వెళ్లను మాష్టారూ. అక్కడ అందరూ దాని మాటలే చెప్పుకుంటారు. నాకేమో దాని గొంతు గుర్తుకు రావడం లేదు. చేతి మీద మచ్చ కుడివైపో ఎడమవైపో మొన్న ఎంత తలుచుకున్నా తేలలేదు. కన్నతల్లే మరిచిపోయిందని నలుగురికీ తెలిస్తే ఏ ముఖం పెట్టుకోను? మరుపు పాపం కాదూ?"

మాష్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "మా సర్వేలో పనిచేసిన పరాంకుశం సంగతి చెబుతాను, విను."

దేశమంతటా భూమి ఆకర్షణను కొలుస్తున్న రోజులవి. సముద్రం నేలకింద కాలువలుగా లోపలికి వస్తుందని ఊహించుకుంటే ఏ ఊరి అడుగున ఎంత ఎత్తున నిలుస్తుందో, ఆ కొలతలను బట్టి లెక్కగట్టేవారు. పరికరంలో ఉండేది సన్నని తీగచుట్ట, దానికి వేలాడే చిన్న బరువు. భూమి గట్టిగా లాగిన చోట తీగ మరికాస్త సాగుతుంది. కాని రోజంతా బరువు మోసి మోసి, ఆ తీగ తనంతట తానే కొంత సాగి జారిపోతుంది కూడా. అందుకని పొద్దున ఏ రాతి మీద కొలిచారో, సాయంత్రం మళ్లీ ఆ రాతి దగ్గరికే వచ్చి కొలవాలి. ఎంత జారిందో తెలిస్తే, మధ్యలో ఊళ్ల కొలతలన్నీ సరిదిద్దుకోవచ్చు.

పరాంకుశం కొత్తవాడు. తేడా వస్తే పరికరాన్ని కుదిపేశాడంటారని వాడి భయం. ఒకనాడు సాలూరు కొండలు తిరిగొచ్చి, రాతి దగ్గరికి పోకుండానే పొద్దుటి అంకెను సాయంత్రానికీ వేసేశాడు. పైఅధికారి అది చూసి నవ్వాడు.

"ఇన్ని కొండలెక్కి దిగినా అలసిపోని తీగ ఎక్కడ దొరికిందయ్యా? నాకూ ఓ మూర తెచ్చిపెట్టు, మోకాళ్లకు కట్టుకుంటాను."

తర్వాత నవ్వు మాని, ఆనాటి కొలతలన్నీ కొట్టేశాడు. ఇంతలో వానలు పట్టుకున్నాయి. మళ్లీ కొండెక్కే వీల్లేకపోయింది. ఆ ఏటి పటంలో ఆ ఊళ్లుండాల్సిన చోట తెల్లకాగితమే మిగిలింది.

కనకవల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుని, "పాపం, బాగా తిట్లు తిన్నాడు కాబోలు," అంది.

"వాణ్ని తిట్టారు," అన్నారు మాష్టారు. "జారిందని తీగను ఎవరూ ఏమీ అనలేదమ్మా."