గడి విడిచి గడి

అనగనగా అమెరికా నడిమధ్యన, చెట్టన్నదే లేని ఒక గడ్డి మైదానం. చెట్లు లేవు కనుక అక్కడి ఉడుతలు నేలలో బొరియలు తవ్వుకుని కాపురం ఉండేవి. తాతముత్తాతల నాటి ఊరు వాటిది.

ఒకనాడు ఆ మైదానం మీదుగా రైలు వచ్చింది. పట్టాలు వేసినందుకు సర్కారు రైలు కంపెనీకి నేలను బహుమతిగా ఇచ్చింది. అదైనా ఒక్కచోట ఇచ్చిందా? చదరంగం బల్లలా గళ్ళు కొట్టి, గడి విడిచి గడి ఇచ్చింది. కంపెనీ గుమాస్తా నక్క ఆ గళ్ళను అమ్మకానికి పెట్టింది.

ఒక కుందేలమ్మ ముగ్గురు పిల్లలతో దూరదేశం నుంచి వచ్చి ఒక గడి కొనుక్కుంది. తీరా చూస్తే గడిలో మూడు పెద్ద బొరియలు.

"ఇవి ఎవరివండీ?" అని నక్కను అడిగింది.

ఖాళీ నేలేననీ, బొరియలు పూడ్చేసుకోమనీ నక్క చెప్పింది. హద్దుకు పాతిన కొయ్య గూటాలు దాటి పక్క గడిలో మాత్రం కాలు పెట్టవద్దంది. అది సర్కారు గడి. దాటితే ఉన్న గడి కాస్తా పోతుందట.

ఖాళీ నేలకు మూడు గుమ్మాలు ఎందుకో కుందేలమ్మకు అర్థం కాలేదు. అయినా చేతిలో కాగితం ఉంది కదా అని మొదటిరోజు ఒక బొరియ నోరు పూడ్చింది. పక్క గడిలోంచి ముసలి ఉడుత తల పైకి పెట్టి, అది మా వంటిల్లమ్మా అన్నాడు. రెండోరోజు ఇంకొకటి పూడ్చింది. అది మా పురిటిగది అన్నాడు. మూడోరోజు చివరిది పూడుస్తుంటే ఉడుత తాత చూస్తూ ఊరుకున్నాడు.

"ఏం తాతా, ఇవాళ ఏమీ అనవేం?"

"ఏమనమంటావు? నువ్వు కొన్నానంటున్నావు. మేం అమ్మలేదు. మరి అమ్మిందెవరో నాకు తెలియడం లేదు."

కుందేలమ్మ కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. ఆమెకూ తెలియలేదు. తెలియకుండానే మిగిలిన మట్టి కూడా తోసేసింది.

వారం తిరక్కుండా రైలు నిప్పురవ్వ ఒకటి ఎండుగడ్డిలో పడింది. మంట గాలికంటే ముందు వచ్చింది. కుందేలమ్మ పిల్లలను తోలుకుంటూ పరుగెత్తింది. దూరడానికి తన గడిలో ఒక్క బొరియా లేదు. గూటం దగ్గరకు వచ్చి టక్కున ఆగిపోయింది. దాటవచ్చా, దాటకూడదా?

"మంట గళ్ళు చూసుకుని రావడం లేదమ్మా, దిగు," అని ఉడుత తాత పక్క గడిలోని తన బొరియలోంచి కేకేశాడు.

నలుగురూ దిగారు. లోపల చీకట్లో ఎంతో దూరం నడిచారు.

"తాతా, ఇప్పుడు మనం ఎవరి గడి కింద ఉన్నాం?"

"నువ్వు నోరు పూడ్చావే, ఆ వంటింట్లోనే ఉన్నాం తల్లీ."

కుందేలమ్మ తల దించుకుంది.

మంట చల్లారాక, తన కాళ్ళతోనే మూడు బొరియల నోళ్ళూ తెరిచింది. అంతలో నక్క వచ్చింది. గూటాలన్నీ కాలి బూడిదయ్యాయి. నక్క గళ్ళ పటం పట్టుకుని నల్లటి నేల మీద చాలాసేపు తిరిగింది.

"నీ గడి ఏదమ్మా?" అని చివరికి ఆమెనే అడిగింది.

"అది నాకూ అర్థం కావడం లేదండీ," అంది కుందేలమ్మ. "తాతగారి వంటిల్లు ఎక్కడో మాత్రం తెలుసు."

నీతి: చేతిలో కాగితం ఉన్నంత మాత్రాన నేల ఖాళీ అయిపోదు. మట్టి తోసే ముందు అక్కడ ఎవరు ఉంటున్నారో అడగాలి.