చిట్టికి నెమలీక దీవెన

దస్తగిరి తన పిల్లిని వెదురుబుట్టలో కూర్చోబెట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని గుట్టెక్కాడు. పైనున్న దర్గాలో అతని గురువు మౌలాబమ్మ ఉంటుంది.

బుట్ట దించి పిల్లిని ఆమె ముందు పెట్టాడు. పెట్టినచోటే అది కూలబడింది. పేరు చిట్టి, ఆకారం గుమ్మడికాయ. గడప దాటినా ఆయాసపడుతోందనీ, ఇట్లాగే ఉంటే ఎక్కువ కాలం బతకదని పశువుల డాక్టరు అన్నాడనీ చెప్పుకొచ్చాడు. వానలో తడిసి వణుకుతున్న కూనను ఒకనాడు చొక్కాలో దాచుకుని ఇంటికి తెచ్చినవాడు అతనే.

"నేనేం తక్కువ చేశానమ్మా? మ్యావంటే పాలు పోస్తా. మళ్లీ మ్యావంటే చేప పెడతా. కింద కాలు పెట్టనీకుండా ఎత్తుకు తిరుగుతా. ఒక్కసారి దీవించు."

ఆ దర్గాలో నెమలీకల కట్టతో తల నిమిరితే జబ్బు తగ్గుతుందని నమ్మకం. ఆడది ఆ కట్ట పట్టడమేమిటని మొదట్లో గొణిగిన పెద్దమనుషులున్నారు. తలనొప్పి వస్తే ఇప్పుడు వాళ్లూ వచ్చి ఆమె ముందే తలలు వంచుతున్నారు.

మౌలాబమ్మ కట్ట చేతిలోకి తీసుకుంది. చిట్టి తల నిమరలేదు. కట్టలోంచి ఒక ఈక లాగి, నేలకు ఆనించి, మెల్లగా పాకించింది.

దీవెన ఈక దుమ్ములో పడేసరికి దస్తగిరి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఈక స్తంభం చాటుకు పోతోంది. చిట్టి చెవి కదిలింది. ఈక కొస ఇటు తొంగిచూసి మళ్లీ దాక్కుంది. చిట్టి నేలకు కరుచుకుని, వెనక భాగం అటూ ఇటూ ఊపి, దూకింది. అది దూకడం కాదు, దొర్లడం. అయినా ఈక దాని పంజాల కింద చిక్కింది. మౌలాబమ్మ లాక్కోలేదు. కసితీరా కొరకనిచ్చింది.

అలిసేలోపే ఆట ఆపి, తన పళ్లెంలోంచి చిన్న చేపముక్క తీసి దానికి పెట్టింది. అది ఎన్నాళ్లకో ఆకలిగా తిన్నది.

దస్తగిరికి ప్రాణం లేచొచ్చింది. ఈక తను అందుకున్నాడు. చిట్టి దగ్గరికి రాగానే చటుక్కున పైకెత్తాడు. అది ఎగిరింది, అందలేదు. మళ్లీ ఎత్తాడు. పకపకా నవ్వాడు. కొంతసేపటికి చిట్టి అతనికి వీపు తిప్పి కూర్చుని కాలు నాక్కోసాగింది.

"చూడమ్మా, మళ్లీ బద్ధకం."

"ప్రతిసారీ నువ్వే గెలిస్తే దానికి ఆటెందుకురా?"

దస్తగిరి తల గోక్కున్నాడు. మౌలాబమ్మ ఈకను తుడిచి అతని చేతికే ఇచ్చింది. ఇంటికి తీసుకుపొమ్మంది, అన్నం పెట్టే ముందు రోజూ ఆడించమంది. ఆపైన, అతని పెళ్లాం ఎట్లా ఉందని అడిగింది.

"కాశింబీకేమమ్మా, రాణిలా చూసుకుంటున్నా. గుట్టకొస్తానని ఒకటే పోరు. మెట్లెక్కితే కాళ్లు నొప్పులని నేనే వద్దంటా. అడిగినప్పుడల్లా హల్వా తీసుకెళ్లి..."

"హల్వా అడిగిందా?"

దస్తగిరి చిట్టిని బుట్టలో పెట్టాడు. బుట్ట నెత్తికెత్తుకుని దిగిపోయాడు.

ఎండలు పోయి తొలకరి పడ్డాక ఒక గురువారం, మెట్ల మీద నవ్వులు వినబడి మౌలాబమ్మ బయటికొచ్చింది.

అందరికన్నా ముందు చిట్టి ఉంది. ఒక మెట్టెక్కి వెనక్కి చూస్తోంది, మళ్లీ ఎక్కుతోంది. దాని వెనక కాశింబీ. చీర కుచ్చిళ్లు పైకి దోపి, కొంగు నడుముకు చుట్టి, ఇంకా రాలేదేమయ్యా అని కిందికి కేకేస్తోంది. చాలా కింద దస్తగిరి ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని రొప్పుతున్నాడు.

ఆమెను గెలిపించాలని అతను ఆగలేదు. నిజంగానే వెనకబడ్డాడు.

మౌలాబమ్మ నీళ్ల ముంత మొదట కాశింబీకి అందించింది.