హప్‌మొబైలూ, చెంబూ

"మా తాతని డ్రైవరంటారా!"

వీధి ఆ చివరనుంచి వినబడిన ఆ కేకకి భైరవమూర్తి గారి అరుగు మీద కూర్చున్న మేం ముగ్గురం ఒక్కసారి తలెత్తాం. ముగ్గురంటే భైరవమూర్తి గారు, ఆయన శిష్యుడు ధనుంజయం, నేను.

మాది పెద్దాపురం. ఎంత పాత ఫొటో అయినా సరే, అందులో ఉన్న కారు ఏ కంపెనీది, ఏ కాలంనాటిది అని తేల్చి చెప్పడంలో భైరవమూర్తి గారి తరవాతే ఎవరైనా. అటకల మీద చెదలు తినగా మిగిలిన ఫొటోలు పట్టుకుని ఎక్కడెక్కడివాళ్ళో వస్తూంటారు. ఆయన తొందరపడరు. ఫొటో ఒళ్ళో పెట్టుకుని, కాఫీ తాగి, అప్పుడు చెబుతారు. కాఫీ చల్లారిపోతే మళ్ళీ పెట్టించుకు తాగి, అప్పుడు చెబుతారు. నాకు ఆ కార్ల సంగతి అంతంతమాత్రమే గాని, ఆ కాఫీ సంగతి బాగా తెలుసు. అందుకే రోజూ వెడతాను.

ధనుంజయం అలా కాదు. కాఫీ ముట్టడు, రెప్ప వెయ్యడు. ఒక్క దీపం కనబడితే చాలు బండి పేరు చెప్పేస్తాడు. సగం చక్రం కనబడితే పుట్టిన ఊరు కూడా చెబుతాడు. ఆ ఉదయం గురువుగారు ముందు పెట్టిన ఫొటోలన్నీ గడగడా గుర్తుపట్టేసి, చేతులు కట్టుకుని, "గురువుగారూ, గుర్తుపట్టడంలో నేను ఇంకా నేర్చుకోవలసింది ఏమైనా మిగిలిందాండీ?" అని అడిగాడు. గురువుగారు నోరు తెరిచారు. జవాబు చెప్పడానికి తెరిచారో, ఆవలించడానికి తెరిచారో తెలీదు. సరిగ్గా అప్పుడే ఆ కేక.

అది కొండలరావు గారింట్లోంచి. ఆవేళ వాళ్ళమ్మాయి రత్నమాల నిశ్చితార్థం. మమ్మల్నీ భోజనానికి పిలిచారు. భోజనం ఉన్నచోట కేకలు వినబడుతుంటే ఆలస్యం చెయ్యడం మంచిది కాదని నేనే అందరికంటే ముందు లేచాను. ధనుంజయం తన పాత ఫియట్ తీశాడు. ఆ కాస్త దూరానికి కారెందుకయ్యా అంటే వినడు. ఆ బండిని అతను తుడిచినంత శ్రద్ధగా తల్లులు పిల్లల మూతులు కూడా తుడవరు.

వెళ్ళేసరికి పందిట్లో విస్తళ్ళు వేసి ఉన్నాయి. పనసపొట్టు కూర ఘుమఘుమలాడుతోంది. ఒక్కరూ కూర్చోలేదు. ఇటు కొండలరావు గారి వాళ్ళు, అటు పెళ్ళికొడుకు తండ్రి అచ్చియ్య గారి వాళ్ళు, మధ్యలో గోడ మీద ఒక ఫొటో.

జరిగిందేమిటంటే, తాంబూలాలు పుచ్చుకుని భోజనానికి లేస్తూ అచ్చియ్య గారు ఆ ఫొటో చూశారు. అచ్చం అలాంటిదే వాళ్ళింట్లోనూ ఉందట. టాపు లేని పెద్ద పాతకాలపు కారు. స్టీరింగ్ దగ్గర కొండలరావు గారి తాత, పక్క సీట్లో అచ్చియ్య గారి తాత, చుట్టూ కారుకి ఆనుకుని నిలబడ్డ జనం. వాళ్ళిద్దరూ ఒకప్పటి స్నేహితులని తెలిసి రెండు పక్షాలూ మురిసిపోయాయి. "ఆ కారు మా తాతదే" అని ఇద్దరూ ఒకేసారి అనేదాకా ఆ మురిపెం నిలిచింది.

"స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో కనబడటం లేదూ బావగారూ?" అన్నారట కొండలరావు గారు.

"కనబడకేం బావగారూ! స్టీరింగ్ పట్టుకునేది డ్రైవరు. యజమాని పక్కన కూర్చుంటాడు," అన్నారట అచ్చియ్య గారు.

మేం విన్న కేక ఆ తరవాతది.

"సొంత డబ్బా కొట్టుకునే ఇంటి పిల్ల మాకొద్దు!" అంటున్నారు అచ్చియ్య గారు.

"డ్రైవరు మునిమనవరాలు మీకెందుకు లెండి, వెళ్ళిరండి!" అంటున్నారు కొండలరావు గారు.

గుమ్మంలో రత్నమాల కళ్ళనిండా నీళ్ళతో నిలబడింది. పెళ్ళికొడుకు అప్పుడే తొడిగిన ఉంగరం ఉంచుకోవాలో తీసెయ్యాలో తెలీక, వేలికి గుండ్రంగా తిప్పుకుంటున్నాడు.

మమ్మల్ని చూడగానే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. "రండి, మీరే తేల్చండి!" అన్నారు. ధనుంజయం ఒక్క అంగలో గోడ దగ్గరికి చేరాడు. చూశాడు. మొహం వెలిగిపోయింది.

"హప్‌మొబైల్! అమెరికా బండి! ఎంత అరుదైందో తెలుసాండీ? బానెట్టు రెక్క ఒకవైపు ఎత్తి ఉండటం ఎంత మేలయింది! లోపలంతా కనబడుతోంది."

"అదే, హప్‌మొబైలే! మా తాత ఎప్పుడూ ఆ పేరే అనేవారు," అన్నారు కొండలరావు గారు.

"మా నాయనమ్మ హప్‌మొబైల్ హప్‌మొబైల్ అంటూనే పోయింది," అన్నారు అచ్చియ్య గారు.

తగువు మళ్ళీ మొదటికొచ్చింది, కాకపోతే ఇప్పుడు దానికో పేరుంది. భైరవమూర్తి గారు ఫొటో దింపించి చేతిలోకి తీసుకున్నారు. కాఫీ అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు. ఫొటో చివర నిలబడ్డ మనిషి మీద వేలు పెట్టి, "చెంబు పట్టుకున్న ఈయనెవరు?" అన్నారు.

"ఎవరో నౌకరండీ. మా నౌకరే," అన్నారు కొండలరావు గారు.

"ఆ నౌకరు కూడా మావాడే!" అన్నారు అచ్చియ్య గారు.

"సరే. కారెవరిదో చెబుతాను. ముందు నాకో ఫొటో కావాలి," అన్నారు గురువుగారు.

నిశ్చితార్థానికొచ్చిన ఫొటోగ్రాఫరు ఉండనే ఉన్నాడు. ధనుంజయం ఫియట్ గుమ్మం ముందుకు వచ్చింది. కొండలరావు గారిని స్టీరింగ్ దగ్గర, అచ్చియ్య గారిని పక్కన కూర్చోబెట్టారు. ఇద్దరూ చెరో కిటికీలోంచి తల బయట పెట్టారు. చుట్టాలందరినీ కారుకి ఆనుకుని నిలబడమన్నారు. ధనుంజయాన్ని చివరికి పంపారు. రెండు పక్షాలవాళ్ళూ బిగుసుకునే నిలబడ్డారు గాని, ఫొటో అనేసరికి అందరూ జుట్టు సవరించుకున్నారు. అచ్చియ్య గారి బావమరిది సుఖంగా చెప్పుకాలెత్తి బంపరు మీద పెట్టాడు.

"రెడీ, ఇటు చూడండి!" అన్నాడు ఫొటోగ్రాఫరు. "ఏవండీ, చివరాయనా! ఇటు! అబ్బ, మిమ్మల్నే! ఇందరూ చక్కగా ఇటే చూస్తున్నారు గదా, మీకొక్కరికేం వచ్చిందండీ?"

"ఆ కాలు... ఆ చెప్పు కాస్త..." అంటున్నాడు ధనుంజయం.

భైరవమూర్తి గారు పాత ఫొటో తీసుకెళ్ళి ఫొటోగ్రాఫరు చేతిలో పెట్టారు. "ఇందులో కూడా నీ మాట విననివాడు ఎవడైనా ఉన్నాడేమో చూడు నాయనా."

అతను చూసి నవ్వాడు. "ఉన్నాడండీ, ఈ చెంబాయన. ఈయన చూపు కెమెరా వైపు లేదు. మడ్‌గార్డు మీద ఎవరో బురద కాలు పెట్టారు, దాన్నే చూస్తున్నాడు. అచ్చం మీ చివరాయన లాగే."

కొండలరావు గారు స్టీరింగ్ మీంచి మెల్లగా చేతులు తీశారు.

"అయితే చెంబెందుకండీ?" అన్నారు అచ్చియ్య గారు, గొంతు బాగా తగ్గించి.

జవాబు ధనుంజయం నోట్లోంచే వచ్చింది. "బానెట్టు..." అన్నాడు. తరవాత, "రేడియేటరు మరిగిపోయిందండీ. దారిన పోతూ నీళ్ళ కోసం ఆగి ఉంటాడు."

ముందుగా నవ్వింది రత్నమాల. "అంటే పాపం కారు గలాయన నీళ్ళకి వెళ్ళొచ్చేసరికి ముత్తాతలిద్దరూ ఎక్కేసి కూర్చున్నారా!" అంది కళ్ళు తుడుచుకుంటూ. పెళ్ళికొడుకు నవ్వాడు. ఆ తరవాత పందిరంతా నవ్వింది. ఫియట్ లోపలున్న ఇద్దరూ కొంతసేపు ముందు అద్దంలోకి చూస్తూ గంభీరంగా ఉన్నారు. ఆఖరికి కొండలరావు గారు అన్నారు:

"బావగారూ, కారు సంగతి ఏమైనా, చెంబు మాత్రం మాదే అయుంటుంది."

"అది మీకే వదిలేశాం బావగారూ," అన్నారు అచ్చియ్య గారు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతూ దిగారు.

ఇక భోజనాలు. రెండు పక్షాలూ కలిసి ఒకే వరసలో కూర్చున్నాం. వడ్డించబోతున్న కొండలరావు గారిని అందరూ బలవంతంగా కూర్చోబెట్టేశారు. నేను పనసపొట్టు కూర రెండోసారి వేయించుకున్నాను, దాచడమెందుకు. ధనుంజయం మాత్రం ఫొటో ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని, ఆ చక్రాల ఆకులనే చూస్తూ కలుపుకుంటున్నాడు. ఖాళీ గ్లాసు పక్కకి జరిపి, "ఇదిగో, ఇటు కాసిని నీళ్ళు పొయ్యవయ్యా," అన్నాడు.

చెంబు వంగింది. నీళ్ళు పడ్డాయి. వరసంతా చెయ్యి ఆపి చూస్తోంది.

గురువుగారు అప్పడం విరుచుకుంటూ అన్నారు: "ధనుంజయం, పొద్దున నువ్వేదో అడిగావు. ఆ నీళ్ళు పోసింది ఎవరో చూసి, మళ్ళీ అడుగు."

తలెత్తి చూస్తే, పట్టుపంచె ఎగ్గట్టి, చెంబు పట్టుకుని, వియ్యాలవారి పందిట్లో వంగి నిలబడి ఉన్నారు అచ్చియ్య గారు.