రిబ్కమ్మ కాలు నొప్పి

కొల్లేట్లో నీళ్ళకంటే చేపలెక్కువగా ఉన్న రోజులవి. తిని తిని విసుగొచ్చి కొంగలు కూడా శుక్రవారం ఉపవాసాలుండే రోజులవి. అప్పుడు, ఆ కొల్లేటి అంచున, కప్పు మీద కర్ర సిలువతో ఒక తాటాకు గుడి, గుడి చుట్టూ ఒక పల్లె. ఆ పల్లెలో రిబ్కమ్మ ఉండేది.

రిబ్కమ్మ ఎంత పొట్టిదంటే, ఆమె గుడి ఊడుస్తుంటే చీపురు తనంతట తనే ఊడుస్తోందనుకుని కొత్తవాళ్ళు హడలిపోయేవాళ్ళు. నడక మాత్రం అలాంటిలాంటిది కాదు. పొద్దున ఆమె బయల్దేరితే ఆమె నీడ వెనకబడిపోయి, మధ్యాహ్నానికి గాని వచ్చి కలిసేది కాదు. నిజమా అంటే నిజమే. కాస్త పెరిగిందంటారా, పెరగనీండి. పిండి పులిస్తేనే గదా అట్టు రుచి.

ఆమెకు మూడు పనులు. గుడి ఊడవాలి. గంట కొట్టాలి. చాపలు పరవాలి. ఆ గుడిలో బల్లలుండేవి కావు. ఇంటికొక తుంగచాప తెచ్చి గుడి మూలన పెట్టుకునేవాళ్ళు. ఆదివారం పొద్దున్నే రిబ్కమ్మ ఏ ఇంటి చాప ఆ ఇంటి చోట్లో పరిచేది. చదువు రాదు. లెక్క ఇరవై దాకానే వచ్చు, అదీ కాలి వేళ్ళు కలుపుకుంటే. అయినా ఏ అంచు చిరిగిన చాప ఎవరిదో, ఏ చాప మీద ఏ బిడ్డ పాలు కక్కాడో, అంతా ఆమెకు కంఠతా.

ఆ పల్లెలో ఇంకొక ఆచారం ఉండేది. ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడి పేరున పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్ళు. వారమంతా తీసిన పిడికెళ్ళు ఆదివారం తెచ్చి గుడిలో పెద్ద కుండలో పోసేవాళ్ళు. ఆ బియ్యం లేనివాళ్ళకి, ముసలివాళ్ళకి, దారిన పోయేవాళ్ళకి.

ఇక ఫిలేమోను సంగతి. గుడిలో డోలకు వాయించేది అతనే. అతను వాయిస్తే వాక్యం చెప్పే అయ్యగారి కళ్ళజోడు తాళం వేసేది, బయట గేదెలు తలలూపేవి, చచ్చిన చేపలు రెండుసార్లు తోక ఆడించి మళ్ళీ చచ్చేవి. అతని కుడికాలికి చిటికెనవేలు లేదు. కొర్రమీను కొరికేసిందని అతను చెప్పేవాడు. కొడవలి తగిలిందని వాళ్ళావిడ చెప్పేది. నేను కొర్రమీను మాటే నమ్ముతాను.

ఒక ఏడు తుఫాను వచ్చింది. ఎంత గాలంటే, ఒకరి ఇంటి కప్పు ఇంకొకరి ఇంటి మీద పడి, ఎవరి వాసాలు ఎవరివో తెలీక వారం రోజులు తగువులాడుకున్నారు. చేలు పోయాయి. వలలు పోయాయి. ఫిలేమోను ఇంట్లో భార్యకు జ్వరం, పిల్లలిద్దరికీ ఆకలి. అడిగితే పల్లె పెట్టేదే. కాని డోలకు మీద ఆడిన చెయ్యి ఒకరి ముందు చాచడం అతనికి చాతకాలేదు. డోలకు తాళ్ళు బిగించుకోవాలని ముందుగా గుడికి వచ్చేవాడు గదా. ఒకసారి ఒక దోసెడు తీశాడు. మరోసారి ఒక దోసెడు తీశాడు. మూడోసారీ తీశాడు.

కుండ తగ్గిందని రిబ్కమ్మ కనిపెట్టింది. ఆమెకు నోరు ఊరుకోదు. ఆరాధన అయ్యాక అందరూ వింటుండగా, దేవుడి కుండలో ఎలుక పడిందర్రా, తోకలేని ఎలుక, అని నవ్వింది. అందరూ నవ్వారు. సంఘపెద్ద గిద్యోను మాత్రం నవ్వలేదు. ఆయన మెడ వంచడం ఎవరూ చూసి ఎరగరు. మంచినీళ్ళు తాగినా గ్లాసునే వంచేవాడు. ఆయన ఎవరికీ చెప్పకుండా కుండ చుట్టూ పొయ్యి బూడిద చల్లాడు.

ఆ పై ఆదివారం పాట మధ్యలో గిద్యోను లేచి, కుండ దగ్గర బూడిద చూపించాడు. బూడిదలో ఒక కుడిపాదం అచ్చు. నాలుగే వేళ్ళు. పాట ఆగింది. గుడిలో ఉన్న కళ్ళన్నీ ఫిలేమోను కాలి మీద పడ్డాయి. రిబ్కమ్మ కళ్ళు కూడా.

ఫిలేమోను డోలకు నేలమీద పెట్టాడు. లేచి వెళ్ళిపోయాడు. ఆగమన్నవాళ్ళు లేరు. ఆ మధ్యాహ్నమే భార్యాబిడ్డల్ని పడవలో ఎక్కించుకుని, కొల్లేటి నడిమధ్య ఉన్న కొంగలదిబ్బ మీదికి చేరాడు. అక్కడ కొంగలు తప్ప పలకరించేవాళ్ళుండరు. అతనికి కావలసిందీ అదే.

అందరూ వెళ్ళాక రిబ్కమ్మ చాపలు చుట్టింది. ఫిలేమోను చాప ఎత్తితే కింద ఒక గుడ్డ మూట దొరికింది. విప్పి చూసింది. పిడికెడు బియ్యం. ఇంట్లో పిల్లలు గంజి నీళ్ళు తాగుతున్న వారంలో కూడా వాళ్ళావిడ దేవుడికి పిడికెడు తీసింది. అతను తెచ్చాడు. కుండలో పోసే లోపల వాళ్ళు బూడిద చూపించారు.

రిబ్కమ్మ ఆ మూట పట్టుకుని అక్కడే కూలబడింది. ఎలుక అన్న నోటిని తన చేత్తో తనే కొట్టుకుంది. ఎంత ఏడ్చిందంటే, ఆ ఏడు కొల్లేరు జానెడు పెరిగింది.

ఆ తర్వాత పాట పాట కాదు. గిద్యోనే డోలకు అందుకున్నాడు. మొదటి ఆదివారం గేదెలు పలుపులు తెంపుకున్నాయి. రెండో ఆదివారం అయ్యగారు వాక్యం మర్చిపోయారు. మూడో ఆదివారం డోలకే చిరిగింది. తోలు మార్చారు గాని మళ్ళీ దాన్ని ముట్టుకునేవాళ్ళు లేరు. ఆ రోజు అయ్యగారు తప్పిపోయిన గొర్రె సంగతి చెప్పారు. కాపరి తొంభైతొమ్మిదింటిని వదిలి ఒక్కదాని కోసం వెళ్ళాడన్నారు. తొంభైతొమ్మిది అంటే ఎంతో రిబ్కమ్మకు తెలీదు. ఒకటి అంటే ఎంతో తెలుసు.

ఆమె గిద్యోను దగ్గరికి వెళ్ళింది. అతన్ని పిలుచుకొస్తానంది. సభ ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే రానిస్తామని ఆయన చెప్పి పంపాడు. రిబ్కమ్మ నడుముల్లోతు నీళ్ళలో నడుచుకుంటూ దిబ్బకు వెళ్ళింది. నడుమంటే మన నడుము, ఆమెకు గడ్డం. గుడిసె ముందు నిలబడి గిద్యోను మాట గిద్యోను గొంతుతోనే చెప్పింది. లోపల్నుంచి తలుపు గడియ పడింది. ఆమె తిరిగొచ్చింది. ఆదివారం అతని చాప పరిచింది.

రెండోసారి అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడే. ఒక వాక్యం చెప్పి, ఇది వినిపించమన్నాడు. దారి పొడుగునా వల్లించుకుంటూ వెళ్ళింది. దిబ్బ చేరేసరికి సగం మర్చిపోయి, మిగతా సగానికి తన సొంతం కలిపి చెప్పింది. ఫిలేమోను గుడిసె వెనకనుంచి తుంగలోకి పారిపోయాడు. ఆమె తిరిగొచ్చింది. ఆదివారం అతని చాప పరిచింది.

మూడోసారి ఎవరినీ అడగలేదు. ఎవరి మాటా మోసుకుపోలేదు. ఆదివారం కోడి కూయగానే గుడి తలుపు తీసి, ఫిలేమోను చాప ఒక్కటి పరిచింది. మిగతావి మూలనే వదిలేసింది. గంట కొట్టలేదు. బియ్యం మూట కొంగున కట్టుకుని నీళ్ళలో దిగింది.

ఫిలేమోను దిబ్బ అంచున వల బాగుచేసుకుంటున్నాడు. పారిపోయే వీలు లేకపోయింది. రిబ్కమ్మ వచ్చి పక్కన కూలబడింది. రిబ్కమ్మ ఏమీ అనకపోవడం అదే మొదలు. కొంగలు కూడా భయపడి చూశాయట.

చివరికి అతనే అన్నాడు. "ఈసారి ఎవరు పంపారత్తా?"

"ఎవరూ పంపలేదురా. ఆ ఎలుక మాట నాది. అది చెబుదామని వచ్చాను. నేను పళ్ళికిలించి ఉండకపోతే ఆయన బూడిద చల్లేవాడే కాదు."

ఫిలేమోను చేతిలో వల ఆగిపోయింది.

"తీసింది నేనే గదత్తా."

"తీశావు. తప్పే. నేను నవ్వాను. అదీ తప్పే. నీ తప్పుకి కాలి అచ్చు పడింది, అందరూ చూశారు. నా తప్పుకి అచ్చు పడలేదు. అంతేరా తేడా."

కొంగు ముడి విప్పి మూట అతని ఒళ్ళో పెట్టింది. అతను గుర్తుపట్టాడు. వాళ్ళావిడ పాత రవికె గుడ్డ అది.

"దీన్ని కుండలో నేను పోస్తే నా పిడికెడు అవుతుంది. నువ్వే పొయ్యాలి. నీ చాప పరిచే ఉంది."

ఫిలేమోను తల దించుకున్నాడు. తన కాలి వంక చూసుకున్నాడు. "నేను గుమ్మంలో అడుగు పెడితే అందరూ ఈ కాలే చూస్తారత్తా. దేవుడు చూస్తే ఓర్చుకుంటాను. వీళ్ళు చూస్తే ఓర్చుకోలేను."

సరే నీ ఇష్టం అని రిబ్కమ్మ లేచింది. లేచి రెండడుగులు వేసింది. మూడో అడుగుకి అమ్మో అని కూలబడింది. కాలు పట్టుకుంది. ఆ అరుపుకి దిబ్బ మీద కొంగలన్నీ ఒక్కసారి లేచి, ఆకాశం కాసేపు తెల్లబడిందట.

కాలు మడత పడింది, ఇక నడవలేను, ఈ నీళ్ళలో మునిగి చస్తే నా పాపం నీదే అని ఏకరువు పెట్టింది. పడవ తీస్తానన్నాడు. చూస్తే పడవ పెద్దపిల్లాడు చేపలకి తీసుకుపోయాడు. సాయంత్రం దాకా ఆగమన్నాడు. గుడి తలుపు బార్లా తీసి వచ్చాను, మేకలొచ్చి చాపలు తినేస్తాయంది. ఇక చేసేది లేక అతను వంగాడు. ఆమె భుజాల మీదికెక్కి కూర్చుంది. నడవలేనిది అంత చురుగ్గా ఎలా ఎక్కిందో అతనికి అప్పుడు తోచలేదు.

"ఒరే ఫిలేమోనూ," అంది పైనుంచి, "నెత్తిన ఇంత ముసల్ది కూర్చుని ఉంటే, కింద మోసేవాడి కాళ్ళు చూసేదెవడురా?"

అతను నవ్వాడో ఏడ్చాడో ఆమెకు కనిపించలేదు. భుజాలు మాత్రం కదిలాయట.

ఇక్కడ గుడి దగ్గర పల్లెంతా పోగయింది. గంట లేదు, రిబ్కమ్మ లేదు. లోపలికి తొంగి చూస్తే ఒకే ఒక్క చాప పరిచి ఉంది, ఫిలేమోనుది. ఎవరూ దాని మీద కూర్చోలేదు. మిగతా చాపల్లో ఏది ఎవరిదో, ఏది ఎక్కడ పరవాలో ఒక్కరికీ తెలీదు. చాప లేని గుడిలో అందరూ బయటివాళ్ళలా నిలబడిపోయారు. నిలబడి నిలబడి ఆ ఒక్క చాపనే చూశారు. ఆ రోజు ప్రసంగం ఆ చాపే చేసింది.

ఇంతలో పిల్లలు నీళ్ళవైపు చూపించారు. ఎండలో ఏదో వస్తోంది. మనిషి మీద మనిషి. పైమనిషి ఎడమకి, కుడికి, గుంట ఉంది చూసుకో అని అదిలిస్తోంది. కిందిమనిషి రొప్పుతున్నాడు.

గుమ్మంలో గిద్యోను నిలబడి ఉన్నాడు. ఫిలేమోను ఆగాడు. రిబ్కమ్మ ఆగలేదు.

"గిద్యోనన్నా, దారిస్తావా, బూడిద చల్లుతావా?"

గిద్యోను ఆమెను చూశాడు. ఆమె కింద ఫిలేమోను ముఖాన్ని చూశాడు. తర్వాత ఎవరూ ఎరగని పని చేశాడు. మెడ వంచాడు. పక్కకు తప్పుకున్నాడు.

ఫిలేమోను లోపలికి నడిచాడు. తడికాళ్ళు. గుమ్మం నుంచి కుండ దాకా నేలంతా అచ్చులు పడ్డాయి, ఎడమకాలివి అయిదు వేళ్ళతో, కుడికాలివి నాలుగు వేళ్ళతో. దాచడానికి లేదు. రిబ్కమ్మను దించి, మూట విప్పి, పిడికెడు బియ్యం కుండలో పోశాడు. నేను తీశాను, క్షమించండి అన్నాడు. పల్లెంతా విన్నది. ఆకలిగా ఉన్నవాణ్ణి అడగకుండా బూడిద చల్లాను, నన్నూ క్షమించమని గిద్యోను అన్నాడు. అని మూలకి వెళ్ళి, చాపలు ఒక్కొక్కటే తెచ్చి పరవడం మొదలుపెట్టాడు. ఒకటీ సరైన చోట పరవలేదు. ఆ రోజు ఎవరి చాప మీద ఎవరు కూర్చున్నారో దేవుడికే ఎరుక.

ఫిలేమోను డోలకు అందుకున్నాడు. ఆ దెబ్బకు కొల్లేట్లో చేపలు లేచి గుడి కప్పు మీద పడ్డాయి. మధ్యాహ్నం పల్లెంతా పులుసు. దిబ్బ మీద ఉన్న అతని భార్యాబిడ్డల కోసం మూడు పడవలు వెళ్ళాయి.

మర్నాడు ఫిలేమోను మందాకు నూరి రిబ్కమ్మ ఇంటికి తెచ్చాడు. రిబ్కమ్మ ఇంట్లో లేదు. గుడి కప్పెక్కి తాటాకు సర్దుతోంది.

"కాలెలా ఉందత్తా?"

"తగ్గిందిరా. ప్రార్థన చేసుకున్నాను."

ఆమె ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నూటముప్ఫై అంటారు కొందరు, నేను తగ్గించి నూటపాతిక అంటాను. ఆమె పోయినప్పుడు ఫిలేమోనూ ముసలివాడే. అయినా ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. తన చాపలోనే ఆమెను చుట్టాడు. ఆమె నన్ను మోయమంది ఒక్కసారే, నేను రెండుసార్లు మోస్తాను అన్నాడు. భుజాన వేసుకుని సమాధుల దొడ్డి దాకా ఒక్కడే నడిచాడు. దారంతా మట్టిలో నాలుగు వేళ్ళ అచ్చులు. వెనక వచ్చేవాళ్ళు వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచారట.

ఇప్పుడు అక్కడ సిమెంటు గుడి ఉంది, బల్లలున్నాయి, పంకాలున్నాయి. అయినా ఆదివారం గంట కొట్టేముందు ఒక తుంగచాప పరుస్తారు. దాని మీద ఎవరూ కూర్చోరు. ఆడవాళ్ళు ఇప్పటికీ బియ్యంలోంచి రెండు పిడికెళ్ళు తీస్తారు, ఒకటి దేవుడికి, ఒకటి రిబ్కమ్మకి. మూడు ఆదివారాలు ఎవరైనా గుడికి రాకపోతే, ఆ రిబ్కమ్మ పిడికెడు మూటగట్టుకుని వాళ్ళింటికి వెళ్తారు. ఎందుకు రాలేదని అడగరు. ఏం తప్పు చేశావని అడగరు. గుమ్మం ముందు కూలబడి, కాలు పట్టుకుని ఒకటే మాట అంటారు. "రిబ్కమ్మ కాలు నొప్పి పట్టుకుందమ్మా. కాస్త గుడి దాకా మోసుకుపోతారా?"

ఇంతవరకూ మొయ్యనన్నవాళ్ళు లేరు. నా గుమ్మం ముందూ ఒకప్పుడు ముగ్గురు కూలబడ్డారు. ముగ్గురూ ధాన్యం బస్తాల్లా ఉన్నారు, నేనేమో ఎండిన తాటిమట్టంత. ముగ్గురినీ ఒకేసారి మోశాను. కాస్త పెరిగిందంటారా, పెరగనీండి. గుడి దాకా వెళ్ళిన మాట మాత్రం నిజం.