సున్నపు ఓబులమ్మ తొట్టి

అనగనగా, కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. ఏరు ఏడాదికొక దారి వెతుక్కుంటూ పారే కాలం. ఆ కాలంలో ఒక తెల్లటి గుట్ట కింద, సున్నం కాల్చే ఓబులమ్మ అని ఒకామె ఉండేది.

మొగుడు పోయినాడు. పిల్లలు లేరు. ఉన్నదంతా ఒక బట్టీ, ఒక నీళ్ళ తొట్టి, సున్నానికి తెల్లబడిన రెండు చేతులు. గుట్ట మీద రాయి కొట్టి తెచ్చేది. కట్టెల మధ్య పేర్చి కాల్చేది. కాలిన రాయిని తొట్టి నీళ్ళలో వేసేది. రాయి బుసబుసమని ఉడికి, పగిలి, మెత్తబడి, వెన్నలాంటి సున్నం అయ్యేది. ఊళ్ళో గోడలన్నిటికీ ఆ సున్నమే. తాంబూలం నమిలే నోళ్ళన్నిటికీ ఆ సున్నమే. పెండ్లి తాంబూలానికైతే ఇంట్లో వాడిన సున్నం పనికిరాదు, బట్టీ దగ్గర నుంచి కొత్తది రావాల్సిందే. అది ఆ ఊరి ఆచారం.

కాలిన రాయితో ఆటలు పనికిరావు. అందుకని పని నేర్చుకునేవాళ్ళకి ఓబులమ్మ మూడు మాటలు చెప్పేది.

"నీళ్ళల్లో రాయి వెయ్యాల. రాయి మీద నీళ్ళు పొయ్యగూడదు. ఉడుకు తగ్గేదాకా మూత పెట్టగూడదు."

ఆ పని చివరిదాకా నేర్చుకున్నది ఒక్కతే. తమ్ముడు మద్దిలేటి కూతురు సుంకులి. ఆ పిల్ల కన్నతల్లి కాశమ్మ దగ్గర కంటే మేనత్త బట్టీ దగ్గరే ఎక్కువ పెరిగింది.

"రాయి మీద నీళ్ళు పోస్తే ఏమైతాది అత్తా?"

"మొగాన నిప్పు ఉమ్ముతాది. దానిక్కూడా కోపముంటుంది మే. కొంచెం జాగా ఇయ్యాల."

సుంకులి పెద్దదయింది. పెండ్లి కుదిరింది. ఓబులమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు. పెండ్లింటి గోడలకు తనే సున్నం కొట్టింది, ఒక పూత కాదు, మూడు పూతలు. తాంబూలానికి సున్నాన్ని మూడుసార్లు గుడ్డలో వడగట్టింది. ఉతికిన చీర కట్టుకుని, ఆ సున్నం నింపిన చిన్న సున్నపుకాయ కొంగున పెట్టుకుని పెండ్లింటికి పోయింది.

వాకిట్లో కాశమ్మ అడ్డం నిలబడింది.

"వదినా, ఆ సున్నం ఇట్లియ్యి. నువ్వు పోయి గొడ్లకొట్టంలో కూర్చో. తాంబూలాలు అయినాక పిలుస్తా."

"గొడ్లకొట్టంలోనా? యాల మే?"

"యాలని అడుగుతావేంది? బొట్టులేని మొగం పెండ్లికూతురికి ఎదురు రాగూడదని నీకు నేను చెప్పాల్నా? వయసొచ్చింది గానీ..."

ఓబులమ్మ తమ్ముడి వైపు చూసింది. మద్దిలేటి తన కాలి బొటనవేలు చూసుకుంటా నిలబడినాడు. అంతసేపు చూడాల్సినంత గొప్ప వేలేం కాదది.

గోడకు నా సున్నం పనికొచ్చింది. నోటికి నా సున్నం పనికొచ్చింది. నేను పనికి రాలేదా? ఈ మాట ఓబులమ్మ గొంతు దాకా వచ్చింది. పెండ్లి చెడుతుందని పళ్ళు బిగబట్టింది. సున్నపుకాయ ఇచ్చేసి, ఎద్దుల మధ్య కూర్చుంది. మేళం మోగింది. జనం తిన్నారు, ఎర్రగా పండిన నోళ్ళతో నవ్వుకుంటా పోయినారు. ఎవరూ పిలవలేదు. పొద్దు వాలినాక తనే లేచి ఇంటికి పోయింది.

ఆ పొద్దు నుంచే ఓబులమ్మ లోపల బట్టీ అంటుకుంది.

సంగటి ముద్ద గొంతు దిగదు. రొమ్ములో మంట. పడుకుంటే కంటికి కునుకు రాదు, కాశమ్మ మొగం వస్తుంది. రాయి కొట్టే చెయ్యి వణకడం మొదలుపెట్టింది. పక్కింటి లింగమ్మవ్వ అది చూసి బుద్ధులు చెప్పడానికొచ్చింది.

"మింగేయ్ మే. ఆడదానికి కోపం యాడిది? మేమంతా మింగలేదా?"

ఓబులమ్మ మింగింది. మింగిన కోపం కడుపులో రాయిలా కూర్చుంది. తిన్నది కక్కుకుంది. మనిషి సగమైంది.

అప్పుడు పసరుమందు బసన్న వచ్చినాడు. చెయ్యి పట్టుకుని చూసినాడు, నాలుక చూసినాడు, తల ఆడించినాడు.

"పైత్యం. ఈ పసరు తాగు. జరిగింది మరిచిపో."

"మరిచిపోవడానికి కూడా పసరుందా నీ దగ్గర?"

"అది లేదు."

"మరి చెప్పడమెందుకు?"

బసన్న పసరు గిన్నె అక్కడే వదిలేసి పోయినాడు. అది తాగితే నోరు చేదైంది గానీ లోపలి మంట ఆరలేదు.

ఇక మింగలేక, మరవలేక, ఓబులమ్మ మూడో దారి పట్టింది. పొద్దున్నే పోయి తమ్ముడి వాకిట్లో నిలబడి తిట్టడం. కాశమ్మను తిట్టింది, మద్దిలేటిని తిట్టింది, వాళ్ళ గుమ్మాన్ని తిట్టింది. మొదటి పొద్దు ఒళ్ళు తేలికైనట్టనిపించింది. తరువాత తిట్టేకొద్దీ తిట్లు ఊరడం మొదలైంది. కణతలు అదిరేవి. గొంతు బొంగురు పోయింది. ఊరోళ్ళకదొక వేడుకైంది. వేపపుల్ల నోట్లో పెట్టుకుని మరీ వచ్చేవాళ్ళు.

"ఏందబ్బా, ఈ పొద్దు ఓబులమ్మ ఇంకా రాలేదే?"

"వస్తాది లే. నిన్న సగంలో ఆపింది గదా."

ఆ నవ్విన మొగాలు ఒక్కటీ బాగుపడలేదు. అది వేరే సంగతి.

ఒకపొద్దు తిడతా తిడతానే కళ్ళు బైర్లు కమ్మి వాకిట్లో పడిపోయింది. కాశమ్మ గడప దాటి రాలేదు. తలుపు సందులోంచి మాత్రం చూసింది.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు సుంకులి పుట్టింటికి వచ్చింది. చెప్పులన్నా వేసుకోకుండా మేనత్త బట్టీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అత్తా! ఏందిట్లా అయినావు?"

ఓబులమ్మ అప్పుడే బట్టీలోంచి కాలిన రాళ్ళు తీసి కుప్ప పోసింది. తొట్టి నింపుదామని కడవ ఎత్తుకొస్తా ఉంది. పిల్లను చూడగానే గుండె పొంగాల్సింది, కోపం పొంగింది.

"ఇప్పుడు గుర్తొచ్చినానా నీకు? పందిట్లో నాయన ఒళ్ళో కూర్చున్నప్పుడు అత్త యాడని అడిగినావా? ఒక్క మాటన్నా?"

కళ్ళు కనపడలేదు. తొట్టిలో పొయ్యాల్సిన కడవ నీళ్ళు కుప్ప మీద గుమ్మరించింది.

"అత్తా, రాయి మీద..."

సుంకులి నోట్లో మాట నోట్లోనే ఉంది. కుప్ప ఫెళ్ళున పేలింది. మండే సున్నం చిమ్మి పిల్ల మొగాన పడింది. "కన్ను! నా కన్ను!" అని కూలబడిపోయింది.

ఓబులమ్మ కాలే కుప్ప మీదుగానే దూకింది. పిల్లను ఎత్తుకుపోయి తాగేనీళ్ళ బాన దగ్గర పడుకోబెట్టింది. రెప్ప విప్పదీసి నీళ్ళు పోసింది. మళ్ళీ పోసింది. మళ్ళీ పోసింది. బాన అడుగంటేదాకా పోసింది. తన పాదాలు బొబ్బలెక్కిన సంగతే తెలియలేదు.

సుంకులి కన్ను తెరిచింది.

"కనపడతాందా తల్లీ?"

"నువ్వు కనపడతాండావు."

కన్ను దక్కింది. కనుబొమ మీద కాలిన మచ్చ మిగిలింది. సుంకులి లేచి కూర్చుంది.

"అడిగినా అత్తా. అత్త యాడంటే, 'వస్తాంది, వస్తాంది' అనిరి. తలెత్తినప్పుడల్లా నీకోసమే చూస్తి." కొంగుతో మొగం తుడుచుకుంది. "నీ కోపం మా అమ్మ మీద. కాలింది నేను. ఆమెకు ఒక్క వెంట్రుకన్నా కాలిందా?"

ఓబులమ్మ తడికొంగు పిల్ల కనుబొమ మీద అద్దింది.

మరుసటి పొద్దు కుంటుకుంటా పోయి తొట్టి ముందు కూర్చుంది. కాశమ్మ మొగం మళ్ళీ గుర్తుకొచ్చింది. రొమ్ములో మంట రేగింది. ఒక కాలిన రాయి తీసి నీళ్ళలో వేసింది. బుస్సుమంది. ఎగిరింది, ఉడికింది, పగిలింది. ఓబులమ్మ మూత పెట్టలేదు. దగ్గరికి వంగలేదు. నోరు విప్పలేదు. ఊపిరి పీలుస్తా, వదులుతా కూర్చుంది. తొట్టి మెల్లగా నెమ్మదించింది. దాంతోపాటే రొమ్ము కూడా.

అప్పుడు తన మాటలు తనకే వినబడినాయి. ఉడుకు తగ్గేదాకా మూత పెట్టగూడదు. ఎద్దుల మధ్య కూర్చుని తను పెట్టింది మూతే గదా. రాయి మీద నీళ్ళు పొయ్యగూడదు. బసన్న మరిచిపొమ్మనడం, లింగమ్మవ్వ మింగమనడం, రాయి మీద నీళ్ళు పొయ్యడమే గదా.

ఆ పొద్దు నుంచి కోపం లేచినప్పుడల్లా తొట్టిలో రాయి. రాయి ఊరుకునేదాకా నోట మాట లేదు. మెల్లమెల్లగా సంగటి దిగింది. నిద్ర పట్టింది. చేతి వణుకు నిలిచింది. ఓబులమ్మ కోపం పోయిందని అనుకునేరు. పోలేదు. పోవాల్సిన కోపం కాదది. వేడి పోయింది, అంతే. సున్నం అయింది. ఇక దాంతో పని చెయ్యచ్చు.

కాశమ్మ కొడుక్కి సంబంధం కుదిరింది. మాట ఖాయం చేసుకునే తాంబూలాలకు పిల్ల తరఫు వాళ్ళు వస్తున్నారు. మద్దిలేటి సున్నపుకాయ పట్టుకుని బట్టీ దగ్గరికి వచ్చినాడు.

"అక్కా, కొంచెం సున్నం."

"ఇయ్యను."

"అదేందక్కా?"

"నేను పనికిరాని ఇంట్లో నా సున్నం కూడా పనికిరాదు. పో తమ్ముడా. దారిలో రాళ్ళు జాగ్రత్త, నీ బొటనవేలికి తగులుతాయి."

అరవలేదు. అంతకు ముందు అరిచిన అరుపులన్నిటికంటే ఆ మెత్తటి మాట మద్దిలేటికి లోతుగా దిగింది.

తాంబూలాలు సున్నం లేకుండానే పంచినారు. పిల్ల తరఫు పెద్దాయన నమిలినాడు, నమిలినాడు, తుపుక్కున ఉమ్మినాడు.

"పచ్చిగడ్డి మేసినట్టుంది. నోరు పండకుండా మాటెట్లా ఖాయమైతాది? మేం పోతాం."

కాశమ్మ వాళ్ళను ఆగమని బతిమాలి, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని బట్టీ దగ్గరికి పరుగెత్తింది. వెనకాలే ఊరంతా. వేపపుల్లల వాళ్ళు ముందు.

"నా కొడుకు పెండ్లి చెడగొడతావా? నీ కడుపు మండా! నువ్వసలు..."

ఓబులమ్మ ఒక కాలిన రాయి పటకారుతో పట్టి తొట్టిలో వేసింది.

"కాశమ్మా, ఇది నోరు మూసేదాకా నువ్వు కూడా మూయి. తరువాత మాట్లాడుకుందాం."

రాయి బుస్సుమంది. కాశమ్మ ఏదో అనబోయింది. ఆ హోరులో వినబడలేదు. మళ్ళీ అనబోయింది. వినబడలేదు. మూడోసారి నోరే తెరవలేదు. తొట్టి ఊరుకునేసరికి కాశమ్మ భుజాలు దిగినాయి.

"ఏం కావాల వదినా నీకు?" అంది, చిన్న గొంతుతో.

"మొదటి తాంబూలం నా చేతికి ఇయ్యాల. కొట్టంలో కాదు, వాకిట్లో కాదు. పందిట్లో, అందరి ముందర. ఈ పొద్దే కాదు. ఈ ఊళ్ళో ఏ పెండ్లిలో అయినా, మొగుడు పోయినామె చేతికే మొదటి తాంబూలం. అట్లయితేనే సున్నం."

కాశమ్మ ఊరి వైపు చూసింది. ఊరు తలకాయలు దించుకుంది. ఇక వేరే దారి లేక సరేనంది.

ఓబులమ్మ సున్నపుకాయ తీసుకుని పందిట్లోకి నడిచింది. మద్దిలేటి ఈసారి కాలివేలు కాదు, అక్క మొగం చూసి, రెండు చేతులతో తాంబూలం ఇచ్చినాడు. పక్కన సుంకులి, కనుబొమ మీద మచ్చతో, నవ్వుతా నిలబడింది.

కాశమ్మ తప్పయిందని కాళ్ళు పట్టుకుందని కొందరు చెప్తారు. అబద్ధం. పట్టుకోలేదు. ఓబులమ్మ కూడా బతికినన్నాళ్ళు ఆమె చేతి కూడు తినలేదు. కానీ కడుపునిండా తినింది, కంటినిండా నిద్రపోయింది, చేతులు వణకకుండా ముసలిదై పోయింది.

ఆమె పోయినాక తొట్టిని ఊరి మధ్యకు తెచ్చి పెట్టినారు. ఇప్పటికీ ఆ పక్క ఏ ఇంట పెండ్లయినా మొదటి తాంబూలం మొగుడు పోయినామె చేతికే. ఇద్దరు కొట్టుకునేదాకా వస్తే ముందు తొట్టిలో కాలిన రాయి వేస్తారు, అది ఊరుకునేదాకా ఎవరూ పలకరు. ఎవరికైనా కోపం నెత్తికెక్కితే పక్కవాళ్ళు "ఆగు, ఓబులమ్మ తొట్టి ఇంకా ఉడుకుతాంది" అంటారు.

తొట్టికి దండం పెట్టి, ఇంట్లో మొగుడు పోయినామెను గొడ్లకొట్టంలోకి తోసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అవేవో అందరికీ తెలుసు. గోడలు చూడండి. ఎన్ని పూతలు పూసినా ఆ గోడల మీద సున్నం నిలవదు. పొక్కుతుంది, రాలుతుంది.