కప్పలు అరవని మడి

తొలకరి పడింది. చుట్టుపక్కల పొలాలన్నిటా కప్పలు అరుస్తున్నాయి, పైడమ్మ మడిలో తప్ప. అక్కడ కొంగ కూడా వాలదు. ఆ గట్టు మీద నడిచేవాళ్ళకు తమ అడుగుల చప్పుడే వెనక ఎవరో వస్తున్నట్టు వినిపించేది.

మడికి ఎగువన దివాను జగ్గరాజుగారి జీడిపిక్కల బట్టీ ఉంది. కాల్చిన పిక్కలు కడిగిన నల్లటి జిడ్డు నీళ్ళు నేరుగా ఆ మడికే వస్తాయి. దివాను ఇంకా కొన్ని బట్టీలు కడతానని రాజుగారి అనుమతి అడిగేసరికి, పైడమ్మ సభకు వెళ్ళి మొరపెట్టుకుంది.

"నీళ్ళకేం మహారాజా, వడగట్టే వదులుతున్నాం. పైరుకు బలం కూడాను" అన్నాడు దివాను. "ఆ మడిలో దయ్యం ఉంది. కప్పల్ని అదే మింగేస్తోంది."

పైడమ్మ తలూపింది. "నేనూ అదే అనుకున్నాను బాబూ. అంత బలమైన నీళ్ళు దయ్యం పాలు కావడమెందుకని, పొద్దున్నే మీ తమలపాకు తోటకు మళ్ళించి వచ్చాను."

దివాను ఆసనం మీంచి లేచిపోయాడు. "ఒరే, పరుగెత్తి గండి పూడ్చండి. తోట మాడిపోతుంది."

సభలోవాళ్ళంతా దివాను వైపు తిరిగారు.

"కంగారుపడకండి బాబూ, నేను పార ముట్టుకోలేదు" అంది పైడమ్మ. "దయ్యం మడిలో ఉందో నీళ్ళలో ఉందో మీ నోటే విందామని అలా అన్నాను."

ఆ మడిలో కప్ప అరిచాకే కొత్త బట్టీకి పునాది వేయాలని రాజు తీర్పు చెప్పాడు.

దివాను ఇసుక, బొగ్గు నింపిన గుంటలు తవ్వించి నీళ్ళు వాటిగుండా పంపించాడు. రోజూ పొద్దుగూకే వేళకు తెల్లబట్టల్లో ఆ గట్టు మీద ఒంటరిగా కూర్చుని చెవులు రిక్కించేవాడు. కదలని ఆ తెల్లటి ఆకారాన్ని చూసి, మడిలో దయ్యం నిజంగానే ఉందని దారినపోయేవాళ్ళు చుట్టు తిరిగి పోయేవారు.